పెళ్లికొడుకు వెనక బండి

మా చెల్లి పెళ్లి కాస్తలో చెడిపోయేది, అదీ నా తెలివి వల్ల. నవ్వండి, కానీ చివరిదాకా చదివి నవ్వండి.

దమ్మపేట దగ్గర మా ఆయిల్‌పామ్ తోటలో గెలలను రోడ్డుకు చేర్చే బండి గుర్రం ఉంది. పేరు సుందరం. కాళ్లు రోకళ్లంత లావు, మనసు వెన్న. పెళ్లికొడుకు ప్రవీణ్ గుర్రమెక్కి చర్చికి రావాలని ముచ్చటపడ్డాడు. మన సుందరం ఉండగా ఇంకో గుర్రానికి కిరాయి ఎందుకన్నాను. దానికి మనిషిని మోయడం నేనే నేర్పుతానని అందరి ముందూ కోతలు కోశాను.

ఒకటే ఇబ్బంది. నాకు గుర్రమెక్కాలంటే భయం. అందుకని బండి కట్టి ఉండగానే జీను వేసి ఎక్కేవాణ్ని. పడబోతే రెండు పక్కలా బండి కర్రలున్నాయి కదా! కొన్నాళ్లకు సుందరం నన్ను మోస్తూ, ఖాళీ బండిని లాగుతూ తోటంతా తిరిగింది. నా గర్వానికి ఆ తోట చాల్లేదు. బండి విప్పి కూడా ఓసారి ఎక్కి చూద్దామన్న బుద్ధి మాత్రం పుట్టలేదు.

పెళ్లిరోజు బండిలో తెచ్చిన పూలకుండీలు దింపి, విడిదింటి ముందు బండి విప్పాను. ప్రవీణ్ ఎక్కాడు. సుందరం కదల్లేదు. అదిలించాను, బతిమాలాను, బెల్లం పెట్టాను. బెల్లం తిని, మెడ తిప్పి వెనక్కి చూసింది. దానికి బండి కావాలి! పాస్టరుగారు అప్పటికే రెండుసార్లు కబురు పెట్టారు. మధ్యాహ్నం ఆయన ఇంకో ఊళ్లో ఇంకో పెళ్లి చేయాలి. చర్చిలో ఎదురుచూస్తున్న చెల్లి గుర్తొచ్చి నాకు చెమటలు పట్టాయి.

ప్రవీణ్ మేనత్త మరియమ్మగారు ఇది గుర్రమా బొమ్మా అని నిలదీసింది.

"బండి కడితేనే నడుస్తది అత్తా," అని నిజం కక్కేశాను.

"మరి కట్టు. చూస్తవేంది?"

కట్టాను. సుందరం హాయిగా అడుగేసింది. మరియమ్మగారు వెంటనే చెయ్యెత్తి ఆపింది.

"ఖాళీగనే పోతున్నది గద బిడ్డా. నా మోకాళ్లు నొస్తున్నయ్, నేను గూడ ఎక్కుత."

ఆవిడ వెనకే ఆవిడ చెల్లెళ్లిద్దరూ ఎక్కారు. ముందు బ్యాండు, నడుమ గుర్రం మీద సూటు బూటు పెళ్లికొడుకు, వెనక బండిలో గొడుగులు పట్టుకున్న ముగ్గురు అత్తలు. కళ్లెం పట్టుకుని, తల వంచుకుని నేను నడిచాను.

చర్చి గుమ్మంలో చెల్లి మేలిముసుగు ఎత్తి ప్రవీణ్‌ను చూసింది, బండిని చూసింది, చివరికి నన్ను చూసింది.

"అన్నా, గుర్రం తెమ్మంటే బస్సు తెచ్చినవా?"

పాస్టరుగారితో సహా అందరూ పగలబడి నవ్వారు. పెళ్లి వేళకే జరిగింది. అంతమంది నన్ను చూసి నవ్వుతుంటే అంత సంతోషం నాకెప్పుడూ కలగలేదు.

ఆ రోజే చర్చి మెట్ల మీద గంభీరంగా ఒట్టేసుకున్నాను. నా కంఠంలో ప్రాణముండగా, నా భయం పోయేదాకా మరే గుర్రానికీ పాఠం చెప్పను. ఆ భయం పోయే సూచనలైతే ఇప్పటికీ లేవు.