పాట కింద పోయిన గొంతు

కోట బజారులో వీడియోలు తీసే సమాధానం అనే ఆయనకి ఒక పేరుండేది. ఆయనిచ్చిన పెళ్ళి డిస్కు మధ్యలో ఆగదు.

ఆ పేరు ఊరికే రాలేదు. కెమెరా పట్టిన కొత్తల్లో బుచ్చిరెడ్డిపాలెంలో ఒక పెద్ద రైతు ఇంటి పెళ్ళి తీసినాడు. డిస్కు ఇచ్చిన రోజు చుట్టాలంతా నడింట్లో చేరి చూస్తుంటే, పెళ్ళికొడుకు తాళి పట్టుకుని వంగిన చోట బొమ్మ నిలబడిపోయింది. చేతులు మెడ దాకా వచ్చినాయి, ముడి పడలేదు. డిస్కు ఆడించే మిషన్ని తట్టినారు, కొట్టినారు, డిస్కుని పంచె అంచుతో తుడిచి మళ్ళీ పెట్టినారు. మళ్ళీ అక్కడే. ఆ ఇంటి పెద్దావిడ అపశకునమని ఏడుపు లంకించుకుంది. మర్నాడు సమాధానాన్ని పిలిపించి వాకిట్లో నిలబెట్టినారు.

"శుభకార్యానికి హరిజనవాడ వాణ్ణి పిలవద్దంటే విన్నారా?" అన్నాడు ఒకాయన, ఈయన ఎదురుగ్గానే.

తప్పు చౌకరకం డిస్కుది. తిట్టు మాత్రం ఆయన పుట్టిన వాడకి. మన దగ్గర వస్తువు చెడిపోతే దాని రకం అడగరు, తెచ్చినవాడి కులం అడుగుతారు.

అప్పట్నుంచి సమాధానం మంచిరకం డిస్కులే కొన్నాడు. కంప్యూటరు ఎంత తొందరపెట్టినా పెళ్ళిని డిస్కులోకి నిదానంగా ఎక్కించినాడు. మీద పెళ్ళివాళ్ళ ఫోటో స్టిక్కరు అంటించమని బతిమాలినా అంటించలేదు. సముద్రపు గాలికి స్టిక్కరు ఉబ్బి డిస్కు తిరగదు. అన్నిటికీ మించి, డిస్కుని ఎవరిచేతా పంపేవాడు కాదు. తనే ఆ ఇంటికి పోయి, వాళ్ళ మిషన్లోనే వేసి, చివరి దాకా ఆడినాకే లేచేవాడు. కొన్ని ఇళ్ళల్లో ముందు డిస్కుకి పసుపు, కుంకుమ పెట్టేవాళ్ళు, అదీ మెరిసే వైపున. "బొట్టు డబ్బాకి పెట్టండమ్మా, దానికి పెడితే సిగ్గుతో కళ్ళు మూసుకుంటది" అని నవ్వించి లాక్కునేవాడు.

డిస్కు పెట్టడానికి ఆయన్ని నడింట్లోకి రానిచ్చేవాళ్ళు. అది తిరగడం మొదలైనాక, "నువ్వు వసారాలో కూర్చో సమాధానం, టీ పంపిస్తాం" అనేవాళ్ళు. తను తీసిన పెళ్ళిని తను వసారాలో కూర్చుని చెవులతో చూసేవాడు. లోపల పాట తెగకుండా వస్తుంటే బొమ్మ కూడా నడుస్తున్నట్టే.

ఆ రోజుల్లో పెళ్ళి డిస్కు అంటే పాటలే. పెళ్ళిలో జనం మాట్లాడిందంతా తీసేసి, మొదట్నుంచి చివరి దాకా సినిమా పాటలు పరిచేవాళ్ళు. దాన్ని మిక్సింగు అంటారు. మిక్సింగు లేని డిస్కు బీదవాళ్ళ డిస్కు.

పెంచలమ్మ కూడా బీదదే. భర్త పోయినాక వరి కోతలకీ నాట్లకీ పోయి ఒక్క కూతుర్ని పెంచింది. కానీ సుప్రియ పెళ్ళికి మాత్రం, "మిక్సింగు చెయ్యి సమాధానం. పాటలు బాగా దట్టించు. పెద్దోళ్ళ పెళ్ళి మాదిరి ఉండాల" అని పట్టుబట్టింది. ఆయన దట్టించినాడు. వాళ్ళింట్లో మిషన్ లేకపోతే పక్కింటి టీవీలో వేసి చూపించినాడు. ఎక్కడా ఆగలేదు.

సుప్రియ పెళ్ళికి ముందూ తర్వాతా రొయ్యల కంపెనీలో తలలు తీసే పనికి పొయ్యేది. ఐసు నీళ్ళలో చేతులు పెట్టి పొద్దుగూకులూ నిలబడే పని. ఆడవాళ్ళని తీసుకుపోయి దింపడానికి బస్సు పెట్టమని అడిగితే కంపెనీ సామాన్లు మోసే ఆటో పంపేది. ఒకరోజు తిరుగుదారిలో, నాయుడుపేట రోడ్డు మీద, కిక్కిరిసిన ఆ ఆటో తిరగబడింది. సుప్రియ అక్కడికక్కడే పోయింది. గేటు దాటినాక మాకు సంబంధం లేదని కంపెనీ వాళ్ళన్నారు. పేపర్లో "మహిళా కూలీ మృతి" అని వేసినారు. ఆ కూలీకి ఒక పేరుందని ఎవరికీ తోచలేదు. రొయ్యకి మాత్రం సైజుని బట్టి పేరుంటుంది, ధర ఉంటుంది, ఓడెక్కేదాకా చల్లటి బండి ఉంటుంది.

అల్లుడు పెంచలకృష్ణ రొయ్యల గుంటల మీద కాపలా పని చూసుకుని వేరే ఊరు పోయినాడు. ఏడాది తిరిగినాక ఒక మధ్యాహ్నం పెంచలమ్మ సమాధానం కొట్టుకొచ్చింది. చీర కొంగులో డిస్కు డబ్బా.

"సమాధానం, నీ డిస్కు చెడిపోయింది."

బుచ్చిరెడ్డిపాలెం తర్వాత ఆ మాట ఆయనతో ఎవరూ అనలేదు. ఆయన మొహం మాడిపోయింది.

"నా డిస్కు చెడిపోదక్కా. ఇటియ్యి."

వేసినాడు. గుక్క తిప్పుకోకుండా పాట మొదలైంది. పందిరి, పెళ్ళికూతురు, తలంబ్రాలు, అన్నీ వరసగా వచ్చినాయి.

"శుభ్రంగా ఆడతా ఉండాది కదక్కా?"

"బొమ్మ బాగానే ఉండాది. ఇదిగో, ఇక్కడ చూడు."

తెర మీద సుప్రియ పక్కకి తిరిగి తల్లితో ఏదో చెప్తా ఉంది. కళ్ళు పెద్దవి చేసి, చెయ్యి తిప్పి మరీ చెప్తా ఉంది. మీద ఎవరో సినిమా పాట పాడతా ఉన్నారు.

"బిడ్డ నోరు ఆడతా ఉండాది. గొంతు రాడంలా. అది బాగుచెయ్యి."

సమాధానానికి అప్పుడర్థమైంది. కుర్చీ ఆమెకి దగ్గరగా లాక్కున్నాడు.

"అది చెడిపోలేదక్కా. పాట పెడితే మాటలు పోతాయి."

"పాట తీసెయ్యి మరి. మాట కిందుంటది గదా."

"కింద ఉండదక్కా."

"ఉండకుండా యాడికి పోతది నాయనా? నోరు ఆడతానే ఉంటే?"

ఆమె తెర వైపే చూస్తా చెప్పింది. "మొహానికి ఫోటో ఉండాది. గొంతే జారిపోతా ఉంది. మొన్నటిదాకా తల్చుకుంటే చెవిలో వచ్చేది. ఇప్పుడెంత తల్చుకున్నా నా గొంతే వస్తా ఉంది. ఇక్కడ నాకు ఏం చెప్పిందో కూడా గుర్తు రాడంలా."

ఫోన్లలో గొంతులు దాచుకునే రోజులు అప్పటికి మా పల్లెలకి రాలేదు. సుప్రియ దగ్గరున్నది బటన్ల ఫోను. అది ఆటో కిందే పోయింది.

పెళ్ళి తీసిన టేపులో మాటలుండాలి. సమాధానం అటక మీది టేపులన్నీ దించినాడు. పెద్దవాళ్ళ పెళ్ళిళ్ళ టేపులు పెద్దవాళ్ళు అడిగి తీసుకుపోతారు, బీరువాల్లో పెట్టుకుంటారు. టేపనేది ఒకటుంటుందనీ దాన్ని అడగొచ్చనీ పెంచలమ్మ లాంటి వాళ్ళకి ఎవరూ చెప్పరు. వాళ్ళ టేపుల మీద మళ్ళీ మళ్ళీ తీస్తారు. వీడియోలు తీసేవాళ్ళంతా చేసేదే, సమాధానమూ చేసినాడు. సుప్రియ పెళ్ళి టేపులో ఇప్పుడు నాయుడుపేటలో ఎవరిదో ఓణీల ఫంక్షన్ ఉంది.

"చెరిపేసినానక్కా" అన్నాడు.

పెంచలమ్మ తిట్టలేదు. తిట్టుంటే బాగుండేది. డిస్కు డబ్బా కొంగులో చుట్టుకుని లేచింది. మెట్టు దిగబోతూ ఆగింది.

"అబిగయీలు పెళ్ళి తీసింది నువ్వే గదా? మా పిల్ల ఆ పెళ్ళికి పొయ్యింది."

అబిగయీలు సుప్రియకి పనిలో జోడీ. కంపెనీలో ఇద్దరూ పక్కపక్కన నిలబడేవాళ్ళు. ఆటో పడ్డ రోజు పక్కనే కూర్చుని చెయ్యి విరిగి బతికింది. ఆమె పెళ్ళి సుప్రియ పెళ్ళికి ముందే, సమాధానం ఉండే వాడలోనే జరిగింది. ఆమె నాయన తాహతుకి మించి మిక్సింగు వద్దన్నాడు. సమాధానం తీసింది తీసినట్టే, మాటలతో సహా డిస్కులోకి ఎక్కించి ఇచ్చినాడు.

సమాధానం కొట్టు తలుపు వేసి ఆమెని అబిగయీలు ఇంటికి తీసుకుపోయినాడు.

హరిజనవాడలో ఒక ఇంటి గడప తొక్కడం ఊరి మనిషైన పెంచలమ్మకి అదే మొదలు. అబిగయీలుకి ఏం చెయ్యాలో తోచలేదు. వంకరగా అతుక్కున్న చేత్తోనే బయట కుర్చీ వేసి, "ఇక్కడ కూర్చో పెద్దమ్మా" అనింది. పెంచలమ్మ కుర్చీ దాటి లోపలికి పోయి టీవీ ముందర నేల మీద కూర్చుంది.

అబిగయీలు చీరల మడతల్లోంచి డిస్కు తీసింది. "పాటల్లేవని మా అత్త ఇప్పటికీ దెప్పతానే ఉంటది సమాధానం మామా. పెళ్ళా, సంతా అంటది."

నిజంగా సంతే. పాస్టరు ప్రార్థన, మైకు కూత, చంటిపిల్లల ఏడుపు, ఎవరో ఎవర్నో "సాంబారు ఇటు తేరా సచ్చినోడా" అని తిట్టడం. భోజనాల దగ్గరికి రాగానే సమాధానం టీవీ గొంతు పెంచినాడు. తినేవాళ్ళ బంతి వెంట కెమెరా మెల్లగా జరిగింది. విస్తరి ముందు సుప్రియ కనిపించింది. పెళ్ళి కాకముందటి సుప్రియ, నీలం ఓణీలో. "ఇటు చూడమ్మా" అని కెమెరా వెనక నుంచి సమాధానం గొంతే వినిపించింది.

"తియ్యబాకన్నా! నోట్లో ముద్ద ఉంటే యాడ చూసేది!"

ఎడం చెయ్యి మొహానికి అడ్డం పెట్టుకుంది. పక్కనున్న ఆడపిల్లలు పకపకా నవ్వినారు. కెమెరా ముందుకు పోయింది. డిస్కంతా వెతికినా ఆ పిల్ల మాట ఇంకెక్కడా లేదు.

పెంచలమ్మ "ఇంకోసారి" అనింది. ఆయన వెనక్కి తిప్పినాడు. తియ్యబాకన్నా. మళ్ళీ తిప్పినాడు. అబిగయీలు గోడకి తిరిగి నిలబడి ఏడుస్తా ఉంది. డిస్కు ఎక్కడా తడబడలేదు, ఎన్నిసార్లు తిప్పితే అన్నిసార్లు ఆ పిల్ల వద్దనే అనింది.

సమాధానం బొమ్మని ఆపి మళ్ళీ తిప్పబోతుంటే పెంచలమ్మ ఆయన చెయ్యి పట్టుకుని ఆపింది. తెర మీద ఆగిపోయిన కూతురి వైపు ముందుకి వంగింది.

"తిను తల్లీ. నువ్వు తిను. ఇంక తియ్యడులే" అనింది.