మా అత్తగారు, నేను, లూపు క్లెయిము

మా అత్తగారు దివిసీమలో ముప్ఫై ఏళ్ళకు పైగా ఏ.ఎన్.ఎం.గా పనిచేశారు. అవనిగడ్డ చుట్టుపక్కల ఊళ్ళలో ఆవిడని పేరు పెట్టి పిలిచేవాళ్ళు తక్కువ. నర్సమ్మగారంటే చాలు. నా పెళ్ళయిన కొత్తలో ఆవిడతో బస్సెక్కడమంటే నాకు బెరుకుగా ఉండేది. వెనక సీట్లోంచి ఎవరో ఒకావిడ ముందుకి వంగి, "నర్సమ్మగారూ, నాకు లూపు వేసింది మీరే, గుర్తున్నానా?" అని బస్సంతా వినబడేట్టు అడిగేది. నేను కిటికీ వైపు తిరిగేదాన్ని. అత్తగారు మాత్రం ఏ తొట్రుపాటూ లేకుండా, "గుర్తులేకేం. నడుం నొప్పన్నావు, తగ్గిందా?" అనేవారు.

అలాంటి మనిషి దగ్గర నేను నా లూపు సంగతి నాలుగు నెలలు దాచాను.

నేను కృత్తివెన్ను దగ్గర ఒక రొయ్యల కంపెనీ ల్యాబులో పనిచేస్తాను. రైతులు సీసాల్లో పట్టి తెచ్చిన చెరువు నీళ్ళు, కవర్లలో తెచ్చిన రొయ్యపిల్లలు పరీక్ష చేసి, జబ్బేమన్నా ఉందేమో చెప్పడం నా పని. రోజూ బందరు నుంచి కంపెనీ బస్సులో వెళ్ళి వస్తాను. మా రెండోవాడికి ఐదో ఏడు వచ్చాక నా నెలసరి దారి తప్పింది. పది రోజులు, పన్నెండు రోజులు ఆగేది కాదు. ల్యాబులో ముదురు రంగు చీరలే కట్టుకునేదాన్ని. బస్సు దిగేముందు వెనక ఉన్న అమ్మాయిని, "ఒకసారి చూడవే" అని అడగడం అలవాటైపోయింది.

బందరులో మాకు తెలిసిన డాక్టరుగారు స్కానింగ్ తీయించి, గడ్డలేమీ లేవన్నారు. అంతకుముందు పిల్లలు పుట్టకుండా వాడిన మాత్రలతో నాకు బీపీ పెరిగింది, తలనొప్పితో వారానికి రెండు రోజులు పడుకునేదాన్ని. అందుకని మళ్ళీ మాత్రలు వద్దన్నారు.

"మందు ఉన్న లూపు ఒకటి ఉంటుందమ్మా. గర్భసంచిలో పెడితే కొద్దికొద్దిగా మందు వదులుతుంది. బ్లీడింగ్ తగ్గుతుంది. పిల్లలు పుట్టకుండా కూడా పనికొస్తుంది. మత్తిచ్చి, లోపల శుభ్రం చేసి, ముక్క పరీక్షకి పంపి, అప్పుడే పెట్టేస్తాను," అన్నారు.

నాకు కంపెనీ ఇచ్చిన హెల్త్ ఇన్సూరెన్సు కార్డుంది. ఆసుపత్రిలో ఇన్సూరెన్సు కౌంటరు దగ్గర కూర్చున్న అమ్మాయి ఫారం నింపుతూ, "ఇది పిల్లలు పుట్టకుండా వేసేదే కదా మేడమ్?" అంది. "అవును" అన్నాను. అబద్ధమేం కాదు. ఆ అమ్మాయి ఒక గడిలో టిక్కు పెట్టింది. మర్నాడు నేను మైక్రోస్కోపు ముందు ఉండగా ఫోనుకి మెసేజి వచ్చింది. గర్భనిరోధక సాధనాలకు పాలసీ వర్తించదట.

మావారు, "పోనీ మనమే పెట్టుకుందాం" అన్నారు. నేనే వినలేదు. నా జీతంలోంచి ఏటేటా కోసుకుంటున్నారు, ఒక్కసారి కూడా వాడుకోలేదు, ఇప్పుడు అవసరమొస్తే కాదంటారా అని పంతం. కస్టమర్ కేర్‌కి ఫోన్లు చేశాను. ప్రతిసారీ ఒక కొత్త గొంతు మొదటినుంచి అడిగేది. పక్కన పనిచేసే మగవాళ్ళు వినకుండా నీళ్ళ ట్యాంకు వెనక్కి వెళ్ళి, నా నెలసరి కథంతా ముక్కూ మొహం తెలియనివాళ్ళకి చెప్పేదాన్ని. అంతా విని, "మీ సమస్య అర్థమైంది, పాలసీలో లేదు" అనేవారు. అట్లా నెలలు గడిచిపోయాయి.

వేసవి సెలవల్లో అత్తగారు పిల్లల కోసం బందరు వచ్చారు. మాది రెండో అంతస్తు. ఒకరోజు డ్యూటీ నుంచి వస్తూ మెట్ల మధ్యలో కూర్చుండిపోయాను. ఆవిడ పైనుంచి చూసి, దిగొచ్చి, నా కింది కనురెప్ప వేలితో లాగి చూశారు.

"ఎన్నాళ్ళ నుంచి?"

చెప్పాను. అంతా చెప్పాను. ఫోనులో మెసేజి కూడా చూపించాను. ఆవిడ కళ్ళజోడు తెచ్చుకుని రెండుసార్లు చదివారు.

"నాకెందుకు చెప్పలేదమ్మాయ్?"

రెండోవాడు పుట్టినప్పుడు ఆవిడ ఒకసారి, ఇద్దరూ మగపిల్లలే, ఒక ఆడపిల్ల కూడా ఉంటే బాగుండేది అన్నారు. ఆ మాట నాలో ఉండిపోయింది.

ఆవిడే గ్రహించారు. "ఇంకో పిల్లని కనమంటానని భయపడ్డావా? అనేదాన్నేమో, నా నోరు ఊరుకోదు. అంటే మటుకు నువ్వు వినాలా? ఊళ్ళో ఆడవాళ్ళందరికీ మీ అత్త మాట వినొద్దని చెప్పినదాన్ని, నా కోడలికి చెప్పడం మర్చిపోయాను."

తర్వాత నా చెయ్యి పట్టుకుని మెట్లెక్కిస్తూ, "ముందు వేయించుకో. పోట్లాట తర్వాత చేద్దాం," అన్నారు.

మరుసటి వారమే వేయించుకున్నాను. మత్తు దిగేసరికి ఆవిడ నా మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, డ్యూటీ నర్సుకి సెలైను గొట్టం ఎట్లా అంటిస్తే చర్మం లేవదో చెబుతున్నారు. ఆ అమ్మాయి పాపం, చేతులు కట్టుకుని వింటోంది.

బిల్లులన్నీ జతచేసి క్లెయిము పెట్టాను. ఈసారి మత్తు, శుభ్రం చేయడం, పరీక్ష, అన్నిటికీ కలిపి కాదన్నారు. లూపు పెట్టారు కాబట్టి మొత్తం కుటుంబ నియంత్రణ కిందకే వస్తుందట. ఇన్సూరెన్సు వాళ్ళ బ్రాంచి గుడివాడలో ఉంది. "పద, మనిషిని చూసి మాట్లాడదాం," అన్నారు అత్తగారు. ఆవిడకి ఫోను మీద నమ్మకం లేదు.

పొద్దున పాసింజరుకి వెళ్ళాం. కిటికీ పక్కన కూర్చుని ఆవిడ తన ఉద్యోగం కబుర్లు చెప్పారు. మొదట్లో ఊళ్ళోకి వెళ్తే ఆడవాళ్ళు తలుపులేసుకునేవారట. ఒకావిడ భర్తకి తెలియకుండా లూపు వేయించుకుని, మూడేళ్ళ తర్వాత ఆ భర్తనే వెంటబెట్టుకుని వచ్చి, "మా ఆయనకి కూడా చెప్పేశాను నర్సమ్మగారూ, ఇప్పుడు నా చెల్లెలికి వెయ్యండి" అందట. చెబుతూ చెబుతూ నవ్వుకున్నారు. ఇన్నేళ్ళలో నేను ఆవిడని ఆ పని గురించి ఒక్క మాట అడగలేదని అప్పుడు తోచింది.

బ్రాంచి మేనేజరు చిన్నవాడే. మమ్మల్ని కూర్చోబెట్టి నీళ్ళు తెప్పించాడు. ఫైలు చూసి, ఇబ్బందిగా కదిలి, "మేడమ్, మీ మిస్టర్‌ని పంపిస్తే మాట్లాడతాను," అన్నాడు.

"ఆయనకేం తెలుస్తుంది బాబూ, రక్తం పోయింది ఈ అమ్మాయికి," అన్నారు అత్తగారు. "నేను నర్సుని. నాతో చెప్పండి."

ఆయన మెల్లగా దారిలోకి వచ్చాడు. డాక్టరుగారు రక్తస్రావం కోసమే వేశానని ఉత్తరం రాసిస్తే మళ్ళీ పంపుతానన్నాడు. ఉత్తరం మా దగ్గరే ఉంది, ఇచ్చాం. చదివి, సొరుగులోంచి ఇంకో కాగితం తీశాడు.

"దీని మీద సంతకం పెట్టండి మేడమ్. ఈ పరికరం గర్భనిరోధం కోసం వాడటం లేదు అని. అప్పుడు ఏ ఇబ్బందీ ఉండదు."

పెన్ను తీసుకున్నాను. అత్తగారి వైపు చూశాను. ఆవిడ గోడమీది క్యాలెండరు చూస్తున్నారు, కావాలనే.

"దానికీ వాడుతున్నానండి," అన్నాను. నా గొంతు అనుకున్నదానికంటే పెద్దగా వచ్చింది. పక్క బల్లల దగ్గరివాళ్ళు తలలెత్తారు. "బ్లీడింగ్ తగ్గాలని వేయించుకున్నాను. నాకు ఇంక పిల్లలు వద్దు, అందుకూ పనికొస్తుంది. అది చేసే రెండో పని చూసి మొదటి పనికి ఇవ్వనంటే ఎట్లా?"

"ఫార్మాలిటీ మేడమ్. ఎవరూ చూడరు."

"ఎవరూ చూడనిదానికి అబద్ధం ఎందుకు రాయడం?" అని పెన్ను బల్లమీద పెట్టేశాను.

ఆయన ఆ కాగితం మళ్ళీ సొరుగులో పెట్టేశాడు. తర్వాత, "మీరన్నదే తెల్లకాగితం మీద రాసివ్వండి, పై ఆఫీసుకి పంపుతాను. హామీ మాత్రం ఇవ్వలేను," అన్నాడు. రాసిచ్చాను. రెండు పనులూ రాశాను. బయటికొచ్చాక అత్తగారు ఏమీ మెచ్చుకోలేదు. స్టేషనుకి వెళ్ళే దారిలో హోటలు దగ్గర ఆగి, నన్ను అడగకుండానే నాకు రెండు ఇడ్లీ, ఒక గారె చెప్పారు. తను కాఫీ మాత్రం తాగుతూ, నేను మొత్తం తినేదాకా చూశారు.

రెండు నెలలకి జవాబొచ్చింది. మత్తు, శుభ్రం చేసినది, పరీక్ష ఖర్చు మంజూరు చేశారు. లూపు ఖర్చు మాత్రం ఇవ్వలేదు. అసలు ఖరీదైనది అదే. నాకు ఏడుపొచ్చింది. అవనిగడ్డకి ఫోన్ చేస్తే ఆవిడ, "సగం ఒప్పుకున్నారు కదా. మొదటి ఏడాది నాకు ఊరు మొత్తానికి ఇద్దరే ఒప్పుకున్నారు," అన్నారు.

ఆ మాట పట్టుకుని ల్యాబులో, ప్యాకింగులో ఉన్న ఆడవాళ్ళతో మాట్లాడాను. ట్యాంకు వెనక కాదు, భోజనాల దగ్గరే. నాలాంటివాళ్ళు ఇంకో నలుగురు బయటపడ్డారు. ఒకామె లూపు వేయించుకోమని డాక్టరు రాసిచ్చిన చీటీ ఏడాదిగా పర్సులో పెట్టుకు తిరుగుతోంది. కంపెనీ పాలసీ తిరగరాసే ముందు అందరం సంతకాలు పెట్టి హెచ్.ఆర్. మేనేజరుకి అర్జీ ఇచ్చాం. ఆయన మొదట తలదించుకుని చదివాడు, తర్వాత మాత్రం ఇన్సూరెన్సు వాళ్ళని గట్టిగానే అడిగాడట. కొత్త పాలసీలో ఒక వాక్యం చేరింది: రక్తస్రావానికి డాక్టరు రాసిస్తే ఆ లూపుకి కూడా వర్తిస్తుంది. పిల్లలు వద్దనుకుని వేయించుకుంటే మాత్రం ఇప్పటికీ వర్తించదు.

నా సంగతి చెప్పాలంటే, ఆర్నెల్లలో నెలసరి రెండు చుక్కలకి వచ్చింది. లేతరంగు చీరలు మళ్ళీ బయటికి తీశాను.

పర్సులో చీటీ పెట్టుకున్న ఆమెకి మొన్న మంజూరైంది. కానీ వేయించుకోవడానికి భయపడుతోంది. లూపు గుండెలోకి పోతుందని ఎవరో చెప్పారట. మధ్యాహ్నం భోజనాల వేళ మా అత్తగారికి ఫోన్ చేసి ఆమె చేతికిచ్చాను. "గుండెలోకి దారి లేదమ్మా, నేను చెబుతాను విను," అని అటునుంచి మొదలైంది. ఆమె క్యారేజీ మూత తీయడం మర్చిపోయి వింటూ ఉంది. నేను నా భోజనం ముగించి, చెయ్యి కడుక్కుని వచ్చినా, వాళ్ళ మాటలు ఇంకా అవలేదు.