బల్ల మీద తుమ్ము

మొన్న వేసవిలో మిరప కళ్లంలో ఎండుకాయల గంపలు నెత్తిన పెట్టుకుని, వాలుగా వేసిన బల్ల మీదుగా ట్రాక్టరు ట్రక్కులోకి ఎక్కుతున్నాం. ముందు మా అత్త, వెనక నేను. సగం ఎక్కేసరికి కింద ఎవరో తుమ్మారు. అత్త ఠక్కున ఆగిపోయింది.

"నడువు అత్తా, పడిపోతా!"

"ఒంటి తుమ్మే. కాసేపు ఆగాలి."

"మిరపకాయల దగ్గర తుమ్మక పాటలు పాడతారా?"

నా గంప ఒరుగుతోంది. "ఇంకొకటి తుమ్మండర్రా! రెండైతే మంచిదంట!" అని కిందికి అరిచాను. పొద్దుటి నుంచి తుమ్ముతూనే ఉన్న జనంలో అప్పుడు ఒక్కరికీ రాలేదు. చివరికి నేనే "హాచ్చి" అని దొంగ తుమ్ము తుమ్మాను. అత్త కదిలింది.

గంపలు దింపాక నన్ను ఎగాదిగా చూసి, "అదేం తుమ్మే, పిల్లి దగ్గినట్టు? పడిపోతావని నడిచాలే" అంది.