మా ఆయన పేరు కొట్టలేకపోతే ఆగిన ఏరేటర్లు

మాది కలిదిండి దగ్గర ఊరు. రొయ్యల చెరువులే మా బతుకు. ఏలూరులో ఇంజినీరింగ్ చదువుతున్న మా అమ్మాయి, నీటికి గాలి అందించే ఏరేటర్లను నడపడానికి తనే ఓ ప్రోగ్రాం రాసింది. నిరుడు ఓ మబ్బు పట్టిన ఉదయం, గట్టు మీది షెడ్డులో లాప్‌టాప్ నా ముందు పెట్టింది.

"యజమాని పేరు?" అని అడిగింది తెర. మా ఆయన ఎదురుగానే నిలబడ్డారు. పెళ్ళైన నాటి నుంచీ నోట రాని పేరు వేళ్ళకు మాత్రం ఎలా వస్తుంది? "మా అమ్మాయి వాళ్ళ నాన్నగారు" అని భక్తిగా టైపు కొట్టాను.

అంతే, తిరుగుతున్న ఏరేటర్లన్నీ ఆగిపోయాయి. కాసేపటికే గాలి అందక రొయ్యలు పైకి తేలడం మొదలైంది.

"ఏం నొక్కావే?" అని అరిచారు మా ఆయన.

"తప్పు నాదే నాన్నా. పేరుకి పది అక్షరాల చోటే ఇచ్చాను. అంతకు మించితే ఆపమని రాయలేదు. మిగతావి పొంగి, మోటార్లు తిరగాలని గుర్తుంచుకునే పక్క చోటును చెరిపేశాయి. ఈ కిటుకు తెలిసిన దొంగైతే కావాలనే పొంగించి, మోటార్లన్నీ తన చేతిలోకి తీసుకుంటాడు."

"అంటే గట్టు వెయ్యకుండా నీళ్ళు పెట్టావన్నమాట!" అన్నారాయన.

అమ్మాయి ప్రోగ్రాం మళ్ళీ తెరిచి, "అమ్మా, రొయ్యలు చచ్చిపోతాయే, అసలు పేరైతే పది అక్షరాల్లో పడుతుంది, అదే కొట్టు!" అని బతిమాలింది. కళ్ళు మూసుకుని కొట్టేశాను. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతూ తిరిగాయి.

ఇప్పుడు అక్షరాలు ఎక్కువైతే అది తీసుకోదు. మా ఆయన మాత్రం రోజూ లాప్‌టాప్ నా వైపు జరిపి, "పేరు నువ్వే కొట్టాలి" అంటున్నారు. ఆ పేరేమిటంటారా? ఎలా రాయనండీ, ఆయన కూడా ఈ పేజీ చదువుతారు!