వెనక్కి తీసుకున్న పేపర్

2022లో నేను తిరుపతిలోని ఒక విశ్వవిద్యాలయంలో గణితం చెబుతూ పరిశోధక విద్యార్థులకు గైడ్‌గా ఉన్నాను. నా సొంత విషయం ఇటరేషన్. ఒక సంకీర్ణ సంఖ్యను సూత్రంలో వేసి, వచ్చిన జవాబును మళ్లీ అదే సూత్రంలో వేస్తూ పోవడం. కొన్నిచోట్ల మొదట్లో వెంట్రుకవాసి తేడా ఉన్నా వందోసారికి జవాబు ఎక్కడికో పోతుంది. ఇరవై ఏళ్లుగా ఈ పాఠం చెబుతున్నదాన్నే.

హేమావతిది శ్రీకాళహస్తి. శ్రీసిటీలో ఒక ఫ్యాక్టరీలో విడిభాగాల కొలతలు సరిచూసే ఉద్యోగం చేస్తూ నా దగ్గర పార్ట్‌టైమ్ పీహెచ్‌డీ చేసేది. గెలాక్సీకి ఒక గణిత నమూనా తీసుకుని, మధ్యలో బ్లాక్ హోల్ పెట్టి, చుట్టూ నక్షత్రాల దారులు కంప్యూటర్‌తో లెక్కగట్టడం ఆమె పని. కంప్యూటర్ ఆ దారిని చిన్న చిన్న అంగలుగా లెక్కిస్తుంది. అంగ ఎంత ఉండాలన్నదే స్టెప్ సైజ్. దాన్ని నిర్ణయించింది నేను.

బ్లాక్ హోల్ బరువు ఒక హద్దు దాటగానే చాలా నక్షత్రాల దారులు చెదిరిపోతున్నాయని తేలింది. పేపర్ రాశాం, ఒక పరిశోధన పత్రిక అంగీకరించింది. మరుసటి నెలలో హేమావతికి లెక్చరర్ ఉద్యోగానికి ఇంటర్వ్యూ. అందులో ఈ పేపరే ఆమెకు బలం.

ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"ఎనర్జీ నిలబడలేదు మేడం. మూడుసార్లు సూసినాను."

కాలంతో మారని నమూనాలో తిరిగే నక్షత్రం మొత్తం శక్తి మొదటి నుంచి చివరిదాకా ఒకటే ఉండాలి. మారిందంటే లెక్క తప్పినట్టే. బ్లాక్ హోల్‌కు మరీ దగ్గరగా వెళ్లినప్పుడు నక్షత్రం వేగం విపరీతంగా పెరుగుతుంది. అక్కడ నేను పెట్టిన అంగ చాలా పెద్దదైపోయింది.

నాకు అర్థమైంది. అయినా, కొన్ని నక్షత్రాలే కదా, ఇప్పటికి వదిలేయమన్నాను. థీసిస్‌లో సరిచేద్దామన్నాను.

"ఆడ ఫ్యాక్టరీలో ఎవురిదైనా కొలత తప్పితే పక్కన పెట్టేస్తాను మేడం. ఈడ నాది నేనే ఎట్ల వదిలేది?"

నా జవాబు కోసం ఆగకుండా బస్సుకు వెళ్లిపోయింది.

తర్వాతి రెండు రోజులు నాకు ఏ పనీ సాగలేదు. క్లాసులో బోర్డు మీద రాసిందే మళ్లీ రాశాను. ఇంట్లో పొయ్యి మీద పాలు పొంగిపోయినా చూసుకోలేదు. మూడో రోజు అంగను తగ్గించి నేనే ప్రోగ్రామ్ నడిపాను. చెదిరిన దారుల్లో సగానికి పైగా మళ్లీ క్రమంలోకి వచ్చాయి. మేం చెప్పిన హద్దు తప్పు.

వెంటనే హేమావతికి ఫోన్ చేసి, పేపర్ వెనక్కి తీసుకుందామన్నాను. "సరే మేడం" అన్నది, అంతే. తప్పు స్టెప్ సైజ్ పెట్టింది నేనేనని పత్రికకు రాశాను.

ఇంటర్వ్యూ ఆ పేపర్ లేకుండానే జరిగింది. ఉద్యోగం వేరొకరికి వచ్చింది. లెక్కలన్నీ మళ్లీ చేయడానికి ఏడాది పట్టింది. కొత్త పేపర్ మొదటిదానికన్నా చిన్న పత్రికలో, చిన్న ఫలితంతో వచ్చింది. అది మాత్రం నిలబడింది. ఆమె ఇప్పటికీ ఫ్యాక్టరీలోనే ఉంది, పేరు ముందు డాక్టర్ చేరింది.

ఇప్పుడు ఏ విద్యార్థి ఫలితం తెచ్చినా, ఏం మారిందని ముందుగా అడగను. మారకూడనిది మారలేదు కదా అని అడుగుతాను.

ఆ ఆదివారం నేను వదిలేయమన్న సంగతి హేమావతి ఈనాటికీ ఎవరితోనూ అనలేదు. అందుకే నేనే రాస్తున్నాను.