మురుగు మడుగు తీర్పరి

లైల్ ట్రెగార్థన్ ముప్ఫై ఏళ్ళు మలోరీ వెల్స్ అనే ఎడారి ఊళ్ళో డ్రైవింగ్ పరీక్షాధికారిగా పనిచేశాడు. ఆ ముప్ఫై ఏళ్ళలో ఊళ్ళో సగం మందిని పరీక్షలో మొదటిసారి తప్పించాడు, మిగతా సగం మందిని రెండోసారి కూడా తప్పించాడు. ఎటు చూసినా మూడు వందల కిలోమీటర్లు ఎర్రమట్టి, తిన్నని రోడ్డు, రోజుకు ఎదురొచ్చే బండ్లు నాలుగు. అయినా సరే, అద్దం చూసుకోకుండా మలుపు తిరిగినవాడు లైల్ దృష్టిలో హంతకుడే; కాకపోతే ఇంకా హత్య చేయలేదు. రిటైరయ్యాక పరీక్షించడానికి మనుషులు దొరక్క అతను పిట్టల మీద పడ్డాడు.

పిట్టల మీద అనడం న్యాయం కాదు. పిట్టలు ఎలాగూ పాసే. లైల్ పరీక్షించేది వాటిని చూశామని చెప్పే మనుషుల్ని.

మలోరీ వెల్స్ పక్షి వీక్షకుల సంఘంలో తొమ్మిది మంది సభ్యులు. పందొమ్మిదేళ్ళుగా దాని రికార్డుల అధికారి లైలే. లైబ్రరీ గోడకు అద్దాల చట్రంలో ఊరి పక్షుల జాబితా వేలాడుతుంటుంది: తేదీల వారీగా నూట ఎనభై ఏడు జాతులు. అందులోకి కొత్త పిట్ట ఎక్కాలంటే పన్నెండు ప్రశ్నల ఫారం నింపాలి, దాని మీద లైల్ ముద్ర పడాలి. అతని దగ్గర ముద్రలు రెండున్నాయి. 'ఆమోదించడమైనది' అనే ముద్ర కొన్ననాటి మెరుపుతో అలాగే ఉంది. 'ఆమోదించలేదు' అనేది అరిగిపోతే రెండుసార్లు కొత్తది చేయించాల్సి వచ్చింది.

ఎడారిలో పక్షి వీక్షణ అంటే బయటివాళ్ళు కొండ మలుపులో తేటనీటి చెలమను ఊహించుకుంటారు. మలోరీ వెల్స్‌లో పిట్టలుండేది ఊరి మరుగుదొడ్ల నీళ్ళన్నీ చేరే నాలుగు మడుగుల దగ్గర. సైబీరియా నుంచి పదివేల కిలోమీటర్లు ఎగిరొచ్చిన ఉల్లంకులు, బురదలో పురుగులేరుకునే ఆ పొడుగుముక్కు పిట్టలు, ఇంకెక్కడా దిగవు. అంటే, ఊరి జనం కాలకృత్యాలు సక్రమంగా తీర్చుకోవడమే అక్కడి పక్షి సంరక్షణకు పునాది. ఈ సంగతిని సంఘం తన కరపత్రాల్లో కొంచెం వేరే మాటల్లో రాస్తుంది.

ప్రతి ఆదివారం పొద్దున్నే సభ్యులు నారింజ రంగు చొక్కాలు తొడుక్కుని, గేటు దగ్గర సంతకాలు పెట్టి, దుర్భిణులతో మడుగుల చుట్టూ భక్తిగా ప్రదక్షిణం చేస్తారు. తొమ్మిదింటికి గట్టు మీద ఫ్లాస్కు తెరిచి టీ తాగుతారు, కొబ్బరి పొడి అద్దిన కేకులు తింటారు. ఆ గాలిలో ఆ కేకు తినగలిగిన కొత్తవాళ్ళనే సభ్యత్వానికి అర్హులుగా లెక్కిస్తారు.

ఆ నాలుగు మడుగుల్లో రెండోదానిది పాత మట్టిగట్టు. మిగతావాటికి రాతి గట్లు కట్టారు. బురద మిగిలింది దీనికే. బురదలో పురుగులుంటాయి కాబట్టి పిట్టలన్నీ అక్కడే.

ఆ మడుగుల పంపులు, వాల్వులు చూసేది గ్వెండా స్టకీ. యాభై దాటిన మనిషి. వారానికి ఆరు రోజులు తెల్లవారకముందే అక్కడుంటుంది. సభ్యులు వారానికి రెండు గంటలు చూసే పిట్టల్ని ఆవిడ రోజుకు పది గంటలు చూస్తుంది. కానీ జీతానికి చూస్తుంది కాబట్టి ఆవిణ్ణి పక్షి వీక్షకురాలని ఎవరూ అనుకోలేదు.

ఎనిమిదేళ్ళ కిందట, ఎన్నడూ లేనంత వాన కురిసిన ఏడు, గ్వెండా లైల్‌కి ఒక ఫారం ఇచ్చింది. రెండో మడుగులో రంగుల ఉల్లంకులు పిల్లలు చేశాయని అందులో రాసింది. దేశం మొత్తం మీద వందల్లో మిగిలిన పిట్ట అది. లైల్ దాన్ని బొమ్మల్లో తప్ప చూడలేదు.

ఆవిడ జవాబులు ఇలా ఉన్నాయి. ఎంత దూరం నుంచి చూశారు? 'పధ్నాలుగు అడుగులు. పైపు ఈ చివర నేను, ఆ చివర అది. ఆ పైపు వేసింది నేనే.' ఎంతసేపు చూశారు? 'నలభై నిమిషాలు. వాల్వు తిరగడానికి అంతసేపు పడుతుంది.' ఈ జాతితో పూర్వ పరిచయం ఉందా? 'లేదు. దానికీ నాతో లేదు.' ప్రవర్తన? 'సాదాగా ఉన్నది నాలుగు పిల్లల్ని వెంటేసుకుని తిప్పుతోంది. రంగులది వాటి వంక కూడా చూడలేదు.'

మూడో జవాబు దగ్గరే లైల్ మొహం మాడిపోయింది. నాలుగోది చదివి, రంగుల ఉల్లంకి పిల్లల్ని రంగుల్లేని పిట్ట ఎందుకు తిప్పుతుంది, ఈవిడ ఏదో మామూలు ఉల్లంకిని చూసి కంగారుపడిందనుకున్నాడు. చేతికి అందేంత దూరంలో పక్షుల పుస్తకం ఉంది. తెరవలేదు, నిపుణుడికి ఆ అవసరం ఉండదు. 'పరిశీలకురాలికి అనుభవం లేదు' అని రాసి ముద్ర గుద్దాడు. అంతటితో ఊరుకోక ఆ నెల సమావేశంలో ఫారాన్ని పైకి చదివి వినిపించాడు. అందరూ నవ్వారు. ఆ నవ్వు ఆవిడ దాకా వెళ్ళడానికి ఆ ఊళ్ళో అరపూట చాలు.

ఈ ఏడు మార్చిలో మడుగుల గేటుకు నోటీసు వేలాడింది. రెండో మడుగును పూడ్చి, నల్ల ప్లాస్టిక్ పరిచి, పైన మూత వేస్తారట. అభ్యంతరాలుంటే ఇరవై ఒక్క రోజుల్లో చెప్పాలి. ప్రమాదంలో ఉన్న పక్షి అక్కడ పిల్లలు చేసినట్టు స్థానిక రికార్డుల్లో ఆమోదం పొందిన దాఖలా ఉంటే మాత్రం పని ఆపి పునరాలోచిస్తారు.

సంఘం అత్యవసరంగా సమావేశమైంది. కార్యదర్శి థోరా బినీ, ఒకప్పుడు బడిలో నర్సు, ఊరందరికీ టీకాలు పొడిచిన చెయ్యి, తిరస్కరించిన ఫారాల పెట్టెను బల్ల మీద పెట్టింది.

"వెతికాను. ప్రమాదంలో ఉన్న పిట్ట, పిల్లలతో సహా, రెండో మడుగులో. ఒక్కటంటే ఒక్కటే కాగితం ఉంది."

"ఎవరిది?" అన్నాడు లైల్, తెలిసి కూడా.

"నువ్వు చదివి వినిపించావుగా నాయనా. మేం నవ్వాం కూడాను. బిస్కెట్ గొంతుకు అడ్డం పడి నేను చచ్చేదాన్ని."

"అది తీర్పయిపోయిన విషయం."

"సరే. తీర్పును ప్లాస్టిక్ మీద కూర్చోబెట్టి ఆదివారం ఆదివారం దుర్భిణిలో చూసుకుందాం."

మర్నాడు లైల్ పంపుల షెడ్డుకు వెళ్ళాడు. ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. గ్వెండా మోకాళ్ళ మీద కూర్చుని ఏదో నట్టు బిగిస్తోంది.

"ఆదివారం కాదే ఇవాళ? దారి తప్పావా?" అంది తల ఎత్తకుండా.

"గ్వెండా, నీ పాత రికార్డు గురించి మళ్ళీ ఆలోచిస్తున్నాం."

"ఆలోచిస్తున్నాం అంటే ఎవరెవరు? నువ్వూ నీ ముద్రానా?"

లైల్ గొంతు సవరించుకున్నాడు. దారి పొడవునా అల్లుకొచ్చిన ఉపాయాన్ని ఆవిడ ముందు పరిచాడు. పాత ఫారాన్ని తిరగదోడితే లేనిపోని ప్రశ్నలు వస్తాయి. దాని బదులు ఆవిడ కొత్త ఫారం నింపితే చాలు. అదే పిట్ట, అవే పిల్లలు; తేదీ మాత్రం ఈ ఫిబ్రవరి వేస్తే, తను వెంటనే ఆమోదిస్తాడు.

గ్వెండా స్పానర్ కింద పెట్టి లేచింది. చేతులు గుడ్డకు తుడుచుకుంటూ అతన్ని పిట్టని చూసినట్టే చూసింది, కదలకుండా.

"ఈ ఫిబ్రవరిలో రంగుల ఉల్లంకి రాలేదు లైల్. చుక్క వాన పడలేదు, ఎందుకొస్తుంది?"

"అది నాకు తెలుసు..."

"ఆగు. నిజం రాసిస్తే అబద్ధం అన్నావు. ఇప్పుడు అబద్ధం రాసిస్తే నిజం అంటావు. అంతేనా? నేనేమైనా పొరపాటు పడ్డానా? అనుభవం లేనిదాన్ని."

లైల్ పంపు వైపు చూశాడు. పంపు తన పని తను చేసుకుపోతోంది.

"మడుగు పోతుంది గ్వెండా."

"నాకు తెలియదా? నీకు పోయేది ఆదివారం. నాకు రోజూ పోతుంది." మళ్ళీ స్పానర్ అందుకుంది. "నేను రాసింది నీ దగ్గరే ఉంది. అందులో ఒక్క అక్షరం మార్చను. నిజమైతే నిజమని నలుగురిలో చెప్పు, ఎలాగూ నలుగురిలోనే నవ్వించావు. కాదంటే ప్లాస్టిక్ పరచనీ. ఇక జరుగు, వెలుతురుకు అడ్డం నిలబడ్డావు."

ఆ సాయంత్రం లైల్ ఫారాన్నీ పుస్తకాన్నీ పక్కపక్కన పెట్టుకుని భోజనాల బల్ల దగ్గర కూర్చున్నాడు. ఎనిమిదేళ్ళ తర్వాత పుస్తకం తెరిచాడు. రంగుల ఉల్లంకుల్లో రంగులన్నీ ఆడదానివేనని, గుడ్లు పొదిగేదీ పిల్లల్ని తిప్పేదీ సాదాసీదా మగదేనని రెండో పేరాలోనే ఉంది. పుస్తకం చదవని మనిషి పుస్తకంలో ఉన్నదే రాసింది. పుస్తకం ఉన్న మనిషి దాన్ని కొట్టేశాడు. లేచి 'ఆమోదించడమైనది' ముద్ర తీశాడు. దానికి సిరా ఎండిపోయి ఉంది. మూడుసార్లు గుద్దితే గానీ అచ్చు పడలేదు.

పోరాటం అక్కడితో అయిపోలేదు. నీటి శాఖ నుంచి ప్రెంటిస్ అనే ఆఫీసరు విచారణకు వచ్చింది. ఊరి హాలు నిండింది. పిట్టల మీద ప్రేమతో కాదు, లైల్ చేతిలో పరీక్ష తప్పినవాళ్ళంతా వచ్చారు.

లోపలికి వెళ్ళేముందు థోరా అతని చెవిలో అంది: "కొత్త ఆధారం దొరికిందని చెప్పు. అంతకంటే ఏమీ వాగకు."

ప్రెంటిస్ కాగితాలు తిప్పి అడిగింది. "ట్రెగార్థన్ గారూ, ఈ రికార్డును మీరు ఎనిమిదేళ్ళ కిందట తిరస్కరించారు. పోయిన మంగళవారం ఆమోదించారు. మేం నోటీసు పెట్టాక. ఈమధ్య కొత్తగా ఏం తెలిసింది?"

లైల్ లేచాడు. థోరా గట్టిగా దగ్గింది.

"కొత్తగా ఏమీ తెలియలేదు," అన్నాడు. "పాతదే చదివాను."

"అప్పుడు చదవలేదా?"

"చదివాను, నవ్వించడానికి." హాలులో ఎవరో కిసుక్కుమన్నారు. లైల్ ఆగి, లైసెన్సు నిరాకరించేటప్పుడు వాడే గొంతుతో, ఈసారి తనకే వినిపిస్తున్నట్టు చెప్పాడు. "ఆవిడ రాసినదాంట్లో తప్పు లేదు. ఆవిడ పంపుల మనిషి. ఆ పిట్టని నేను ఎన్నడూ చూడలేదు. నేను చూడనిది ఆవిడ చూసిందంటే ఒప్పుకోబుద్ధి కాలేదు. తప్పు నాది."

"పెద్దగా చెప్పవోయ్, వెనక వినపడలేదు!" అన్నాడెవడో. అతను నాలుగుసార్లు తప్పినవాడు.

"తప్పు నాది," అన్నాడు లైల్, పెద్దగా.

ప్రెంటిస్ పెన్ను కింద పెట్టింది. "మీ నిజాయితీ బాగుంది. కానీ మీరు మనసు మార్చుకోవడం ఆధారం కాదు కదా. అప్పటి ఆధారం ఏదైనా ఉందా?"

లైల్ దగ్గర లేదు. అతను కూర్చోలేక నిలబడలేక ఉండగా వెనక వరుసలోంచి గ్వెండా వచ్చి ఒక లావుపాటి పుస్తకం బల్ల మీద పెట్టింది. నీళ్ళ మట్టం రాసే పంపుల పుస్తకం.

"ఆ ఏడు మార్చి నుంచి చూడమ్మా. ఆరు వారాలు రెండో మడుగు మట్టం జానెడు తగ్గించి ఉంచాను, గూడు మునగకుండా. కారణం గళ్ళో రాశాను."

ప్రెంటిస్ చదివింది. 'మట్టం తగ్గించాను. కారణం: గుడ్లు.' కింద మరో వారం: 'కారణం: పిల్లలు, నాలుగు.' తర్వాతి వారం: 'కారణం: పిల్లలు, మూడు. గద్ద.'

"ఈ పక్కనున్న సంతకాలు ఎవరివి?"

"మీ ఆఫీసువాళ్ళవే. శుక్రవారం శుక్రవారం వచ్చి పెట్టిపోతారు. చదివి పెడతారో ఊరికే పెడతారో నాకు తెలియదు. ఇక్కడ చదివేవాళ్ళు తక్కువ."

ఆఖరి మాట అంటూ ఆవిడ లైల్ వైపు చూడలేదు. చూడాల్సిన పని లేదు, హాలంతా చూస్తోంది.

పదిహేను రోజులకు ఉత్తరం వచ్చింది. శాఖ తానే ఆరుసార్లు ధ్రువీకరించిన విషయాన్ని కాదనడానికి వీల్లేదు కాబట్టి, మళ్ళీ మంచి వాన పడి పూర్తి సర్వే జరిగేవరకు రెండో మడుగు జోలికి రారు. మలోరీ వెల్స్‌లో మంచి వాన అంటే ఎప్పుడో ఎవరూ అడగలేదు. ఆఫీసరు కూడా అడగకుండా సంతకం పెట్టింది.

సంఘం గ్వెండాకు గౌరవ సభ్యత్వం ఇస్తామంది. ఆదివారం తనకు సెలవనీ, సెలవు రోజున మురుగు మొహం చూడననీ ఆవిడ కబురంపింది.

లైల్ పదవికి రాజీనామా రాసిచ్చాడు. ఆ పన్నెండు ప్రశ్నలతో వేగే ఓపిక ఇంకెవరికీ లేక, సంఘం అతన్నే ఏకగ్రీవంగా ఎన్నుకుంది. మొదటి పనిగా అతను లైబ్రరీకి వెళ్ళి జాబితాను గోడ మీంచి దించాడు.

"అడుగున నూట ఎనభై ఎనిమిదని రాసెయ్, అయిపోతుంది," అంది థోరా, నిచ్చెన పట్టుకుని.

"అది మొన్న రాలేదు థోరా. ఎనిమిదేళ్ళ కిందట వచ్చింది. దాని చోటు నూట డెబ్బై రెండు."

"అయితే ఆ కిందవన్నీ ఒక్కో అంకె జరగాలిగా! పదహారు పిట్టలు. అందులో నీవే తొమ్మిది!"

"జరుగుతాయి," అన్నాడు లైల్. టైపు మిషన్‌లో కొత్త కాగితం ఎక్కించి, మొదటి పిట్ట దగ్గర నుంచి మొదలుపెట్టాడు.