పెద్దల్లుడి కారు

పెద్దల్లుడికి కడుపులో మంట అంటే డాక్టరు మాత్రలు రాశాడు. మాత్రలకు తగ్గే మంట కాదది. ఆ మంటకి నాలుగు చక్రాలున్నాయి, రోజూ ఊరంతా తిరుగుతుంది. అది చిన్నల్లుడి కారు.

ఒకప్పుడు ఆ కారు ఈయనదే. టైల్స్ దుకాణం నిలదొక్కుకున్నాక కొత్తది కొని, పాతదాన్ని ఇంచుమించు సైకిలు ధరకి తోడల్లుడికి అంటగట్టాడు. "వానాకాలం దాటితే నీ అదృష్టం తమ్ముడూ" అని నవ్వాడు కూడా. వానాకాలం దాటింది. ఆ తర్వాత పెద్దల్లుడు రెండు కార్లు మార్చాడు, దుకాణం బోర్డు మార్చాడు, జుట్టుకి రంగు మొదలెట్టాడు. అది మాత్రం చెక్కుచెదరకుండా తిరుగుతూనే ఉంది.

చిన్నల్లుడిది బేకరీ. పొద్దున్నే వెనక సీటు మడిచి రొట్టెల ట్రేలు ఎక్కిస్తాడు. పని అయిపోగానే సీటు ఎత్తి, రొట్టెల పొడి దులిపితే చుట్టాలకి బండి సిద్ధం. దాని అవలక్షణాలు దానికి ఉన్నాయి. ఒక తలుపు బయట నుంచి తెరుచుకోదు. అద్దం దించాలంటే అరచేత్తో సాయం పట్టాలి. ఎడమకి తిప్పినప్పుడల్లా హారన్ దానంతటదే మోగుతుంది. అయినా ఎవరికి జ్వరమొచ్చినా, ఎవరు రైలు దిగినా అందరి నోటా ఒకటే మాట: "చిన్నల్లుడికి ఫోన్ కొట్టండి!"

కొత్త కారు ఎక్కమంటే మాత్రం "వద్దులే బాబూ, చెప్పులకి మట్టుంది" అంటారు. అనరూ మరి? సీట్ల మీద ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదాయన. బెల్టు పెట్టుకోకపోతే కారు అరుస్తుంది. తలుపు సరిగ్గా పడకపోతే అరుస్తుంది. అది ఆపితే ఈయన అరుస్తాడు.

ఇంతలో అత్తగారికి కంటి ఆపరేషన్ వచ్చిపడింది. ఈసారి ఆవిడ తన కార్లోనే వెళ్ళాలని పెద్దల్లుడు పంతం పట్టాడు. పేరుకి పెద్దల్లుడై ఉండి, ఇలాంటప్పుడు కూడా వెనకే నిలబడితే ఇక ఆ పేరెందుకు? ఫోన్ చేస్తే ఆవిడ చల్లగా చెప్పింది: "నీకెందుకు నాయనా శ్రమ? కారు వస్తుందిగా."

కారు అంటే ఆ ఇంట్లో ఒకటే కారు! ఆయనకి ఒళ్ళంతా కారం రాసుకున్నట్టయింది.

ఆ సాయంత్రం రొట్టె కొనే నెపంతో బేకరీకి వెళ్ళాడు. చిన్నల్లుడు లోపల పిండి కలుపుతున్నాడు. బయట కారు. దాని బానెట్ గొళ్ళెం ఎప్పుడూ సరిగ్గా పడదని ఈయనకి తెలీదా? లోపల బ్యాటరీ పక్కన ఆ నల్ల వైరు అలాగే ఉంది. తన రోజుల్లో అది ఊడితే బండి స్టార్టయ్యేది కాదు. నడిరోడ్డు మీద ఎన్నిసార్లు తోసుకున్నాడో! చటుక్కున లాగేసి, బానెట్ మూసి, రొట్టె చంకలో పెట్టుకుని ఈల వేసుకుంటూ ఇంటికొచ్చాడు.

పాపం, ఆయనకి తెలియనిది ఒకటుంది. చిన్నల్లుడు ఎప్పుడో స్టార్టరుకి కొత్త వైరు వేయించుకుని, ఆ పాతదాన్ని హారన్‌కి వాడేశాడు.

పొద్దున్నే భార్యని తీసుకుని అందరికంటే ముందు అత్తగారింటికి చేరాడు. కారు తళతళలాడుతోంది, మనిషి అంతకంటే. కాఫీ సగం తాగాడో లేదో, సందు చివర తెలిసిన ఇంజను చప్పుడు. గ్లాసు పక్కన పెట్టి గుమ్మంలోకి వచ్చాడు. పాత కారు ఎడమకి తిరిగి బుద్ధిగా వచ్చి ఆగింది.

చిన్నల్లుడు పెళ్ళాంతో సహా దిగి, "వింత చూశారా అన్నయ్యా! ఎందరు మెకానిక్కులు చూసినా కుదరని రోగం రాత్రికి రాత్రే కుదిరింది. హారన్ నోరు మూసుకుంది!" అన్నాడు.

అంటే చెడగొట్టబోయి బాగుచేసి పెట్టాడన్నమాట. కూలి కూడా పుచ్చుకోకుండా.

లోపల అత్తగారు ఒళ్ళో సంచి పెట్టుకుని కూర్చుంది. కదలదే!

"అమ్మా, లే. కారొచ్చింది" అంది చిన్న కూతురు.

"కళ్ళు కనపడవని ఆటలాడకండే. చెవులు బాగానే ఉన్నాయి నాకు. పెద్దల్లుడి కారు సందు తిరిగితే హారన్ మోగదూ? అది మోగాకే చెప్పులేసుకుంటా."

పెద్దల్లుడు ఉలిక్కిపడ్డాడు. "ఎవరి కారు?"

"మీదే బావా" అని మరదలు నవ్వింది. "ఎంత చెప్పినా అమ్మ దాన్ని పెద్దల్లుడి కారనే అంటుంది. ఇరుగూపొరుగూ కూడా అదే మాట."

ఇన్నేళ్ళ జ్వరాలూ రైళ్ళూ తన పేరు మీదే నడిచాయా!

అవతల ఆసుపత్రికి వేళవుతోంది. ముసలావిడ మొండిది. "అన్నయ్యా, దీని గుట్టు తెలిసినవాళ్ళు మీరే. ఒకసారి చూడండి" అన్నాడు చిన్నల్లుడు.

పెద్దల్లుడు బానెట్ ఎత్తాడు. చెయ్యి నేరుగా ఆ వైరు మీదకే పోయింది.

"వెతకనైనా లేదే!" అంది భార్య, కళ్ళు చిన్నవి చేసి.

"అనుభవమే!" అన్నాడు, గుమ్మడికాయల దొంగలా భుజాలు తడుముకుంటూ.

చిన్నల్లుడు స్టీరింగ్ ఎడమకి తిప్పాడు. సందంతా దద్దరిల్లింది. అత్తగారు లేచి చెప్పులేసుకుంది.

"నేనే నడుపుతా. నా కారేగా!" అని పెద్దల్లుడు తాళం లాక్కున్నాడు. తన తాళం తమ్ముడి చేతిలో పెట్టాడు. దర్జాగా కూర్చుని తాళం తిప్పితే టక్‌మంది తప్ప కదల్లేదు. మళ్ళీ తిప్పాడు. మళ్ళీ టక్.

"స్టీరింగ్ కింద ఒక్కటి తట్టు నాయనా" అంది వెనక నుంచి అత్తగారు. "చిన్నల్లుడు అలాగే తడతాడు."

తట్టాడు. స్టార్టయింది. కారు తన పేరు మీదుంది గానీ, దానికి మాత్రం ఆ బేకరీవాడి చెయ్యే అలవాటు! మంట మళ్ళీ రాజుకుంది.

కారులో రొట్టెల వాసన. కిటికీలోంచి దుమ్ము. ఎడమకి తిరిగినప్పుడల్లా హారన్. చెమట తుడుచుకుంటూ అద్దంలోకి చూశాడు. వెనక తన కొత్త కారు సముద్రంలో పడవలా తేలుతూ వస్తోంది. లోపల చిన్నల్లుడు చల్లగాలికి హాయిగా ఈల వేస్తున్నాడు.

"అబ్బ, ఎంత బాగుందో వెధవ కారు!" అని పళ్ళు నూరాడు పెద్దల్లుడు.